శిశువు – ఉపాధ్యాయిని

పసిబిడ్డలకు చదువు చెప్పుట తేలికయని లోకము తలచును. కాని బిడ్డను గురించి ఉపాధ్యాయిని ఏమి విశ్వసించుచున్నదో, ఆమె నడవడి దానిని బట్టియే యుండును. శిశువిద్యా చరిత్రను పరిశీలించినచో ఈ సంగతి తేటపడును.

జర్మనీ దేశీయుడగు ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బర్గులో శిశువులకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అనగా పిల్లల తోట, అని పేరిడెను. బిడ్డ మొక్క, ఉపాధ్యాయిని తోటమాలి. తోటమాలి మొక్కను పైకి లాగి పెంచడు గదా! ఈ విశ్వాసముతోనే ఆయన యువతులకు ఆటపాటల ద్వారా బోధించు విధమును నేర్పెను. ఇంతటి సౌమ్యమైన బోధనకును ప్రభుత్వము జంకినది. నాస్తికత్వము, సోషలిజము ప్రబలునని ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బడులను నిషేధించెను. మరుసటి యేడే ఫ్రోబెల్ కన్నుమూసెను. 1860లో గాని నిషేధము తొలగలేదు.

తరువాతి శతాబ్దమున, ఇటలీలో వైద్యురాలగు మేరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు శాన్ లోరెంజో పేటలో పేదల బిడ్డలకై 'బాలగృహము'ను తెరచెను. బిడ్డ తన్ను తానే తీర్చిదిద్దుకొనునని ఆమె విశ్వాసము. కనుక ఉపాధ్యాయిని బోధించుటకంటె ముందు గమనించుట నేర్వవలెను. అంతకంటె ముందు కోపమును, అహంకారమును విడువవలెను. ఎదిరింపజాలని బిడ్డపై కోపము సులభముగా చెలరేగునని ఆమె హెచ్చరించెను. 1939లో ఆమె మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. యుద్ధము కారణముగా 1946 వరకు ఈ దేశముననే ఉండిపోయెను.

అంతకుముందే ఆమె పద్ధతి మన దేశమున వేళ్లూనినది. భావనగరమున గిజూభాయి బధేకా 1920లో బాలమందిరమును స్థాపించెను. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో, నేటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామమునకు చేరెను. అచ్చటి నిరుపేదల బిడ్డలు బడికి రాలేదు. బిడ్డ రాలేనిచో బడియే బిడ్డ వద్దకు పోవలెనని ఆమె నిశ్చయించెను. అస్పృశ్యులని లోకము దూరముంచిన వారి వాడలో, ఇంటి ముంగిటనే బడి వెలసెను. బిడ్డను శుభ్రపరచుటయు అచ్చట ఉపాధ్యాయిని ధర్మమే. అదియే అంగన్‌వాడి. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఈ పేరునే గ్రహించగా, అది మన తెలుగు పల్లెలకును చేరినది.

బిడ్డను బడిలో చేర్చునపుడు, ఎన్ని అక్షరములు నేర్పుదురని మనము అడుగుదుము. ఆ ఉపాధ్యాయిని ఎట్టి శిక్షణ పొందినదో, కోపమును అణచుకొనుట నేర్చినదో లేదో కూడ విచారించుట మేలు.