పట్టుపురుగు వచ్చిన దారినే ఊజీ ఈగ వచ్చింది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమన్నారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. రాజుల చరిత్ర రాసేంతవాణ్ణి కాను. మనకు అన్నం పెట్టిన ఒక పురుగు గురించి, మన నోట్లో మన్ను కొట్టిన ఒక ఈగ గురించి రాస్తాను.

పట్టుపురుగు మన మైసూరు సీమలో పుట్టింది కాదు. 1780ల్లో టిప్పు సుల్తాన్ బెంగాల్‌కు మనుషుల్ని పంపించి, పురుగుల్ని తెప్పించి, తన రాజ్యంలో పెంచే ఏర్పాటు చేసినాడు. పురుగు అంటామే గానీ అది ఒక చిమ్మట పిల్ల. వేల ఏండ్లు మనిషి చేతిలో పెరిగి, దాని తల్లి చిమ్మట ఎగరడమే మరిచిపోయింది. అట్లా వచ్చిన పురుగు వల్ల శిడ్లఘట్ట, చింతామణి చుట్టుపక్కల పల్లెల్లో తట్టలు, చంద్రికలు లేని ఇల్లు తక్కువ అనేట్టు అయింది. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. ఆ గూళ్ళ దారమే మన పడుగు, మన పేక.

బెంగాల్‌లో పట్టుపురుగుకు ఒక శత్రువు ఉండేది. అదే ఊజీ ఈగ. జపాన్ భాషలో ఉజి అంటే ఈగ పిల్లపురుగు, పేరు అక్కడి నుంచి వచ్చింది. 1880లోనే బెంగాల్ ఈగ శాస్త్రవేత్తల రాతకు ఎక్కింది. అయితే నూరేండ్లు అది అక్కడే ఉండింది, మన దిక్కు రాలేదు. 1980లో బెంగాల్ నుంచి తెచ్చిన గూళ్ళతోపాటు కర్ణాటకలో దిగింది. అప్పుడు మనది కోలారు జిల్లా, చిక్కబళ్ళాపుర జిల్లా అయింది 2007లో కదా. ఇక్కడి నుంచి ఆంధ్రకూ తమిళనాడుకూ పాకింది. టిప్పు కాలంలో పురుగు ఏ దిక్కు నుంచి వచ్చిందో, రెండు వందల ఏండ్లకు దాని శత్రువు కూడా ఆ దిక్కు నుంచే వచ్చింది.

అది మా మేనమామ ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు ఇరవై దాటి ఒకటి రెండేండ్లు. ఆకు వేస్తున్న మా అత్త, "ఇది మన ఈగ కాదురా, ఒళ్ళు పెద్దది, వీపు మీద నల్ల చారలు ఉండాయి చూడు" అనింది. మామ నవ్వినాడు. "ఈగల్లో కూడా మనది, పరాయిది అని ఉంటుందా?" అన్నాడు. మేమూ నవ్వినాము. వారం తిరక్కముందే పురుగుల ఒంటి మీద నల్ల మచ్చలు కనిపించినాయి. కొన్ని చచ్చిపోయినాయి. కట్టిన గూళ్ళకు కూడా చాలావాటికి బొక్కలు. ఆకుకు చేసిన అప్పు తీరలేదు. దిష్టి తగిలిందని నిమ్మకాయలు కట్టినారు. దారం లేక మా నాయన మగ్గం నెలకు పైగా ఖాళీగా ఉండింది.

జరిగేది ఇదీ. ఈగ పట్టుపురుగు ఒంటి మీద తెల్లటి సన్న గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల చర్మం తొలుచుకొని లోపలికి పోతుంది, ఆ చోట నల్ల మచ్చ పడుతుంది. పురుగు చిన్నదైతే గూడు కట్టకముందే చస్తుంది. పెద్దదైతే గూడు కడుతుంది గానీ ఈగ పిల్ల ఆ గూటిని పొడుచుకొని బయటికి వస్తుంది. గూటిలో వందల మీటర్ల దారం ఒకే పోగుగా ఉంటుంది. ఒక్క బొక్క పడితే ఆ పోగు ఎన్నో చోట్ల తెగుతుంది, రీలింగుకు పనికి రాదు. బయటపడ్డ పిల్ల నేల సందుల్లో దాక్కొని, పది పన్నెండు రోజుల్లో మళ్ళీ ఈగ అవుతుంది.

మందు దొరకడానికి ఏండ్లు పట్టింది. కిటికీలకు వలలు కట్టమన్నారు. నెసోలింక్స్ థైమస్ అనే చిన్న కందిరీగ జాతి పురుగును పెంచి వదిలినారు. అది ఊజీ ఈగ ప్యూపాలో గుడ్లు పెట్టి దాన్ని చంపుతుంది. ఈగ పూర్తిగా పోలేదు, అయితే అదుపులోకి వచ్చింది.

ఇంకో పురుగు కథ కూడా చెప్పాల. 2008లో కోయంబత్తూరులో బొప్పాయి చెట్ల మీద మెక్సికో దిక్కు పిండినల్లి కనిపించింది. అది మల్బరీకి కూడా పట్టి తమిళనాడులో తోటలు తెల్లబడిపోయినాయి. ఇది ఏ పురుగు, ఎక్కడ కనిపించింది అని వెంటనే రాసి పెట్టినారు. అందువల్ల 2010లో బెంగళూరు శాస్త్రవేత్తలు పోర్టోరికో నుంచి దాని శత్రు పురుగుల్ని తెప్పించి వదిలినారు. కొద్ది కాలంలోనే పిండినల్లి అణిగిపోయింది. పురుగుకు పేరు తెలిస్తే దాని శత్రువు ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

సంఘంలో నేను దినమూ రాసే రిజిస్టరులో తేదీ, పేరు, ఎంత నూలు, ఎన్ని చీరలు అని ఉంటుంది. పురుగుకు కూడా అంతే చాలు: తేదీ, ఊరు, ఏ చెట్టు మీద, ఎన్ని, ఒక ఫోటో. ఇప్పుడు పిల్లల చేతిలో ఫోను ఉంది. ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనాచురలిస్ట్ లాంటి వాటిలో ఫోటో పెడితే తెలిసినవాళ్ళు పేరు చెప్తారు. 2012 నుంచి ప్రతి జూలై ఆఖరి వారంలో చిమ్మటల వారం అని జరుపుతున్నారు. రాత్రి తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టి, దాని మీద వాలిన చిమ్మటల్ని లెక్క రాస్తారు. తెల్లగుడ్డకు మనకేం కొదవ? పాతపాళ్య మెరక బీళ్ళలో, గుట్టల దగ్గర ఏ చిమ్మటలు ఉన్నాయో మన పిల్లలే రాయవచ్చు. ఇదివరకు ఇక్కడ లేనిది కనిపిస్తే అది మొదటి రాత అవుతుంది.

సంఘం ఆఫీసులో నా బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టినాను. కొత్త పురుగు ఏది కనిపించినా వచ్చి రాయండి. రాయడం రానివాళ్ళు చెప్తే నేను రాస్తాను. ముఖ్యంగా ఆకు వేసే ఆడవాళ్ళు చెప్పింది వినండి, నవ్వొద్దు. మా అత్త మాట ఆ దినమే పట్టు శాఖకు చేర్చి ఉంటే, పక్క ఊళ్ళైనా ముందే వలలు కట్టుకొని ఉండేవి.

ఇట్లు,
మీ సహకార సంఘ కార్యదర్శి,
పాతపాళ్య