ముడుమాల్ నిలువురాళ్లు: ఒరిగిన రాయిని ఎవరు లేపాలి?

నారాయణపేట జిల్లా కృష్ణా మండలంలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. నేలకు ఒరిగిన రాళ్లను కూడా తిరిగి నిలబెడితే ఆ చోటు నిండుగా ఉంటుందని చూడవచ్చినవారికి అనిపించడం సహజమే గానీ, ఆ పనికి పూనుకున్నవారు ఊరికి మేలు చేసినవారు కాబోరు. నిలువురాయి అంటే బృహత్ శిలాయుగపు జనం, అనగా పెద్ద బండలతో సమాధులూ స్మారకాలూ కట్టుకున్న పూర్వులు, గుంట తవ్వి నిట్టనిలువుగా పాతిన రాయి. ముడుమాల్‌లో పన్నెండు, పద్నాలుగు అడుగుల ఎత్తున్నవి ఎనభై దాకా ఉండగా, వాటి చుట్టుపక్కల వరుసలు తీర్చిన చిన్న రాళ్లు వేలల్లో ఉన్నాయి.

ఈ వరుసలను గురించి పురావస్తు పరిశోధకుడు ఆల్చిన్ 1956లో ఒక వ్యాసం రాసినా, దక్షిణ హైదరాబాద్ రాళ్ల వరుసలన్న ఆ శీర్షికలో ఏ ఊరి పేరుకూ చోటు దక్కలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కె.పి. రావు పరిశోధనల వల్లనే ముడుమాల్ పేరు పండితుల నోట నానింది. కొన్ని వరుసలు ఆయనాంతాల నాటి, అనగా సూర్యుడు ఉత్తర, దక్షిణ దిక్కులకు తన చివరి హద్దు చేరే రోజుల నాటి, ఉదయాస్తమయాలకు సరిపోతాయని ఆయన ప్రతిపాదన. సందేహించేవారు లేకపోలేదు గానీ, నిజం తేల్చడానికి మిగిలిన సాక్ష్యం రాళ్ల స్థానమొక్కటే. ముడుమాల్ అక్షాంశం వద్ద ఆయనాంత సూర్యోదయం తూర్పుకు ఇటో అటో సుమారు 25 డిగ్రీల దూరంలో జరుగుతుంది. ఇరవై మీటర్ల ఎడంలో ఉన్న రెండు రాళ్లలో ఒకటి అడుగు పక్కకు జరిగితే చూపు డిగ్రీకి కాస్త తక్కువగా తప్పుతుంది. సూర్యబింబపు వెడల్పు అర డిగ్రీయే కనుక, ఉత్సాహవంతులు నలుగురు ఒక సాయంత్రం సాయం చేస్తే ఆ వాదం ఇక నెగ్గనూ లేదు, ఓడనూ లేదు.

అన్నిటికంటె విలువైనది, దాదాపు ముప్పై చిన్న గుంటలు తొలిచిన చదరపు రాయి. సప్తర్షి మండలాన్నీ దాని పరిసర నక్షత్రాలనూ ఆ గుంటలు చూపుతాయని రావుగారి నిర్ణయం. పై రెండు గుంటలను కలిపే గీత ధ్రువనక్షత్రాన్ని చూపుతుందన్న మాటపై మాత్రం ఒక ఆక్షేపణ న్యాయమైనదే: భూమి అక్షం నెమ్మదిగా దిశ మారుస్తుంది కాబట్టి, ఈ రాళ్లు పాతిన కాలంలో, అంటే వేల ఏళ్ల క్రితం, నేటి ధ్రువనక్షత్రం ధ్రువానికి దగ్గరగా లేదు. అయినా ఆ ఆక్షేపణ గీతకే తగులుతుంది గానీ, ఏడు చుక్కల ఆకృతికి తగలదు. ఈ రాయి నిలువుగా పాతి ఉండబట్టే ఏ ముఖం ఎటు చూస్తున్నదో చెప్పగలుగుతున్నారు. ఇదే పడిపోయి, అడుగూ తలా ఎరుగని చేతులు వెనుకకు తిప్పి పాతి ఉంటే ఇంత చర్చకూ ఆధారం ఉండేది కాదు.

ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్‌లో 1797లో కూలిన రాళ్లను 1958లో లేపారు కదా అని కొందరు ఎదురు అడుగుతారు. అక్కడ రాళ్లు కూలకముందు ఎలా నిలిచాయో చూపే చిత్రాలు ఉన్నాయి, పనిచేసినవారు నిపుణులు. ముడుమాల్‌ను దక్షిణాది స్టోన్‌హెంజ్ అని పిలిచి మురిసిపోయేవారు ఆ జాగ్రత్తను మాత్రం అరువు తెచ్చుకోరు. రాయి పాతిన గుంట అడుగున ఊతంగా కూరిన చిల్లరాళ్లు, అదృష్టం ఉంటే కాలం నిర్ణయించదగిన బొగ్గుముక్క, మిగిలి ఉండవచ్చు. గడ్డపార దిగితే అవి కలగాపులగం అవుతాయి.

ముడుమాల్ ఊరివారు తమ రాళ్లను తిమ్మప్పగా, ఒకదాన్ని ఎల్లమ్మగా కొలవడం కొందరు పండితులకు మూఢనమ్మకంగా తోచవచ్చు గానీ, అమ్మవారైన రాయిని గట్టుకు మోసుకుపోయే సాహసం ఎవరూ చేయరు. పడిన రాయి కనిపిస్తే దాని ఫొటో తీసి, స్థానం రాసి, వారసత్వ శాఖకు తెలపడంతో సందర్శకుని పని తీరిపోతుంది. లేపాలో వద్దో గుంటను తవ్వి చూసినవారు తేల్చాలి. ఇంగ్లండులోనే ఉన్న ఏవ్‌బరీ రాళ్ల వలయంలో 1930లలో పురావస్తు పరిశోధకుడు కీలర్ అలాగే తవ్వి, గుంట దొరికి రాయి దొరకని చోట కాంక్రీటు గుర్తు నిలిపాడు.