ఊరు నగరంలో కలిస్తే పెరిగిందెవరు?

నాకు బాబాయ్ వరసయ్యే ఒకాయన బిలాస్‌పూర్ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేశాక దగ్గర్లోని దేవ్రీఖుర్ద్‌లో ఇల్లు కట్టుకున్నారు. 2019లో ఆ ఊరిని బిలాస్‌పూర్ నగరపాలక సంస్థలో కలిపేశారు.

"ఏం బాబాయ్, మీ ఊరు సిటీ అయిపోయిందట కదా!" అన్నాను.

"మా ఊరు సిటీ అయిందో, సిటీయే మా ఊరి దాకా వచ్చిందో తెలీడం లేదురా. ఇంతకీ రెండిటికీ తేడా ఏంటి?" అన్నారాయన.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

ముందు ఈ ఊరి కథ. బిలాసా అనే జాలరి స్త్రీ పేరు మీద బిలాస్‌పూర్ వెలిసిందని ఇక్కడ అందరూ చెబుతారు. 2021లో విమానాలు మొదలైన ఇక్కడి విమానాశ్రయానికి కూడా ఆమె పేరే పెట్టారు. కథను కథగానే తీసుకుందాం. అర్పా నది ఒడ్డున ఉన్న ఈ పట్నాన్ని పెంచింది మాత్రం రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా 1891 నాటికి లైను వేసింది. అదే కంపెనీ లైను వాల్తేరుకూ ఉండటంతో ఉత్తరాంధ్ర నుంచి మనవాళ్ళు పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది.

రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకు ఒక విషయం తెలుసు. కాలనీకి నీళ్ళు, దీపాలు, ఆసుపత్రి రైల్వే చూసుకునేది. అవి వచ్చింది మనం ఉండే చోటును ఊరన్నందుకో, నగరమన్నందుకో కాదు. బాధ్యత ఒకరిది, బడ్జెట్ ఒకరిది అని తేలి ఉన్నందుకు. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకుని ముందుకు వెళదాం.

2019లో బిలాస్‌పూర్‌లో కలిసినవి ఇవి: తిఫ్రా పురపాలక సంఘం, సిర్‌గిట్టీ, సక్రీ నగర పంచాయతీలు, 15 గ్రామ పంచాయతీలు. మంగ్లా, కోనీ, మోప్కా, లింగియాడీహ్, దేవ్రీఖుర్ద్ ఆ గ్రామ పంచాయతీల్లోవే. కొత్త హద్దులతో నగరానికి 70 వార్డులయ్యాయి. దీన్ని పత్రికలు, నాయకులు, మనమూ "నగరం పెరిగింది" అనే అంటాం. నిజంగా పెరిగింది ఏమిటి?

మనకు బాగా తెలిసిన హైదరాబాద్ లెక్క చూద్దాం. 2001 జనగణనలో హైదరాబాద్ నగరపాలక సంస్థ జనాభా సుమారు 36 లక్షలు. 2011లో అది 67 లక్షలు దాటింది. పదేళ్ళలో దాదాపు రెట్టింపు! కానీ మధ్యలో, 2007 ఏప్రిల్‌లో, చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశారు. సుమారు 175 చదరపు కిలోమీటర్ల నగరం 625 చదరపు కిలోమీటర్లయింది. అదే పదేళ్ళలో హద్దు మారని హైదరాబాద్ జిల్లా జనాభా చూడండి. 38.3 లక్షల నుంచి 39.4 లక్షలకు చేరింది. అంటే 3 శాతం. జనం నిజంగా పెరిగింది అప్పటి రంగారెడ్డి జిల్లాలో, 48 శాతం. 'రెట్టింపు' అన్నమాటలో చాలా భాగం మనుషులది కాదు, గీత జరిపిన కలానిది.

2011 తర్వాత వచ్చే తొలి జనగణనలో బిలాస్‌పూర్ అంకె కూడా ఇలాగే ఎగురుతుంది. అప్పుడు చప్పట్లు కొట్టేముందు ఈ 2019 గీతను గుర్తు చేసుకోవాలి.

అలాగని విలీనమంటేనే మోసం అనడం కూడా హేతుబద్ధం కాదు. మురుగుకాలువ పంచాయతీ హద్దు దగ్గర ఆగదు. నగరంలో పనిచేసే వేలమంది హద్దు అవతల ఇళ్ళు కట్టుకుంటే, అక్కడి చెత్త, నీరు, రోడ్డు చూడటం ఒక సర్పంచి వల్ల అయ్యే పని కాదు. పెద్ద సంస్థ కావలసిన పనులు ఉన్నాయి. ప్రశ్న అది కాదు. ఏ పని కోసం కలుపుతున్నాం, ఆ పని అయిందో లేదో ఎవరు చూస్తారు అన్నదే ప్రశ్న.

ఈ విషయంలో జపాన్ చరిత్ర చదవదగ్గది. అక్కడ మూడుసార్లు పెద్ద ఎత్తున ఊళ్ళను కలిపారు. మొదటిసారి మెయిజీ కాలంలో. 1888లో 71,314 ఉన్న ఊళ్ళు, పట్టణాలు మరుసటి ఏడాదికి 15,859 అయ్యాయి. ఒక ఊరు ప్రాథమిక పాఠశాలను, పన్నులను, కుటుంబాల నమోదును నడపగలగాలంటే 300 నుంచి 500 ఇళ్ళు ఉండాలని లెక్క వేశారు. రెండోసారి 1953 నుంచి 1961 వరకు. 9,868 ఉన్నవి 3,472కి తగ్గాయి. యుద్ధం తర్వాత తప్పనిసరి అయిన మాధ్యమిక పాఠశాలను నడపాలంటే ఊరికి కనీసం 8,000 జనాభా ఉండాలన్నది అప్పటి లెక్క. ఈ లెక్కలు తప్పో ఒప్పో వాదించవచ్చు. కానీ లెక్కంటూ ఉంది. బడి వచ్చిందా రాలేదా అని ఎవరైనా వెళ్ళి చూడవచ్చు.

మూడోసారి కథ వేరు. 1999లో 3,232 ఉన్నవి 2010 నాటికి 1,727 అయ్యాయి. ఈసారి ముందున్నది బడి కాదు, ఖర్చు. కలిసిన ఊళ్ళు ప్రత్యేక బాండ్లతో అప్పు చేయవచ్చు, తీర్చాల్సిన దానిలో 70 శాతం కేంద్రం నిధుల్లో సర్దుతుంది అని ఆశ చూపారు. చాలాచోట్ల పాత గ్రామ కార్యాలయం ఒక శాఖగా మిగిలింది. ఫుకుషిమా ప్రాంతంలోని యమత్సురి అనే చిన్న పట్టణం మాత్రం 2001లో "మేం కలవం" అని ప్రకటించి విడిగానే నిలబడింది. ప్రయోజనం ముందుగా చెప్పిన విలీనానికి, డబ్బు ఎర చూపిన విలీనానికి తేడా ఇక్కడ తెలుస్తుంది.

ఇక మన రాజ్యాంగం సంగతి. 1993లో అమల్లోకి వచ్చిన 73, 74 సవరణలు పల్లెకూ పట్నానికీ వేర్వేరు ఏర్పాట్లు చేశాయి. పట్నంగా ప్రకటించేటప్పుడు జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి వగైరా చూడాలని 243క్యూ అధికరణ చెబుతుంది. ఆ ఊరి గ్రామసభ ఒప్పుకోవాలని మాత్రం ఆ అధికరణలో లేదు. ఊరు నగరంలో కలిసిన రోజున గ్రామసభే ఉండదు. గ్రామసభ అంటే ఊళ్ళోని ఓటర్లందరూ సభ్యులైన సభ. నగరంలో దానికి సమానమైనది లేదు. 3 లక్షలు దాటిన చోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం అంటుంది. కానీ కమిటీ వేరు, ఓటరుగా నాకు నేనే వెళ్ళి కూర్చునే సభ వేరు.

2019లో ఇంకా రెండు జరిగాయి. గ్రామీణ ఉపాధి హామీ చట్టం పని పల్లెలకే గనుక, కలిసిన ఊళ్ళలో కూలీకి ఆ హక్కు పోయింది. ఇక, తమ సర్పంచిని నేరుగా ఎన్నుకున్న ఈ ఊళ్ళవాళ్ళు ఆ డిసెంబరు ఎన్నికల్లో కార్పొరేటరుకు మాత్రమే ఓటు వేయగలిగారు. ఛత్తీస్‌గఢ్‌లో ఆ ఏడాది మేయరును కార్పొరేటర్లు ఎన్నుకునే పద్ధతి తెచ్చారు. నేరుగా ఓటు వేసే పద్ధతి 2025లో గానీ తిరిగి రాలేదు.

పేరులో అక్షరం మార్చుకుంటే అదృష్టం కలిసొస్తుందని నమ్మేవాళ్ళను మనం ప్రశ్నిస్తాం. ఊరి బోర్డు మార్చితే అభివృద్ధి వస్తుందన్న నమ్మకాన్ని ప్రశ్నించకుండా ఎందుకు వదిలేస్తాం? అడగవలసినవి సాదా ప్రశ్నలే. కలిపిన రోజున ఎన్ని ఇళ్ళకు కుళాయి ఉంది? ఎంత మురుగు కాలువ ఉంది? ఇంటిపన్ను ఎంత? అర్జీ పెట్టడానికి ఎంత దూరం వెళ్ళాలి? ఒక ప్రతినిధికి ఎంతమంది ఓటర్లు? అయిదేళ్ళ తర్వాత ఇవే అంకెలు ఏమిటి? ముందటి అంకె లేకపోతే తర్వాతి అంకెకు అర్థం లేదు. అందుకే ఎక్కడ ఊళ్ళను కలిపినా పాత పంచాయతీ రిజిస్టర్లను భద్రంగా ఉంచమని, అంకెలను ఊరివారీగా ఇమ్మని అడగాలి. వార్డుల్లో కలిపేసిన అంకెల్లో ఊరు దొరకదు.

బాబాయ్‌కి ఇప్పుడు జవాబు చెప్పగలను. సిటీ మీ ఊరి దాకా వచ్చిందని చెప్పడానికి ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటి చాలు. మీ ఊరు సిటీ అయిందని చెప్పాలంటే మాత్రం లెక్క చూపించాలి. ఆ లెక్క అడిగే గ్రామసభ ఇప్పుడు లేదు కాబట్టి, అడగాల్సింది మీరూ నేనూ.