సందూక్‌లో దొరికిన దాదీ పేరు

మా ఇల్లు వరంగల్ మట్టెవాడలో ఉంది. ముందు దాలాన్, వెనక సహెన్, సహెన్‌లో పూడిపోయిన బావి. "మీ దాదాకు నిజాం సర్కారు ఇచ్చిన ఇనామ్ ఇది" అనే మాట వింటూ పెరిగాను. ఈద్‌కు చుట్టాలొచ్చినా, పెళ్లి సంబంధం మాట్లాడడానికి ఎవరొచ్చినా ఆ కిస్సా తప్పేది కాదు. పోయినేడు ఇల్లు అమ్మే మాట వచ్చింది. కొనేవాళ్లు పాత కాగజాత్ అడిగారు. నా తలాష్ అలా మొదలైంది.

ముందు పహాణీల వెంట పడ్డాను. అది సాగుభూమి లెక్క. ఆబాదీలో ఉన్న ఇళ్ల వివరాలు అందులో ఉండవు. ఈసీ తీయిస్తే ఆన్‌లైన్‌లో 1983 నుంచే ఉంది, అందులో మా ఇంటి మీద ఏ లావాదేవీ లేదు. ఇంటిపన్ను రిజిస్టర్‌లో దాదా పేరుంది. కానీ పన్ను రసీదు మిల్కియత్‌కు సుబూత్ కాదు. సరే, ఇనామే అనుకుందాం. అప్పుడు ముంతఖబ్ ఉండాలి. ఎవరికి, ఏ షరతు మీద మంజూరైందో చెప్పే సర్కారీ కాగితమది. అలాంటిది మా ఖాన్‌దాన్‌లో ఎవరూ చూడలేదు.

చివరికి అబ్బాజాన్ ఇనప సందూక్ తెరిచాం. ఆయన ఇంతెఖాల్ తర్వాత దాన్నెవరూ ముట్టుకోలేదు. నికాహ్‌నామాలు, రేషన్ కార్డుల అడుగున గుడ్డలో చుట్టిన ఒక స్టాంపు కాగితం దొరికింది. ఉర్దూలో ఉంది. నేను తెలుగు మీడియంలో చదివినవాణ్ని. అలిఫ్ బే వచ్చు, అచ్చులో ఉన్న ఉర్దూ మెల్లగా చదవగలను. ఇదేమో షికస్తా. నుక్తాలు లేవు, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అంకెలు కూడా అంకెల్లా లేవు. అవి రఖం గుర్తులు. అరబ్బీ సంఖ్యల పేర్లను కుదించి రాసే పాత దఫ్తర్ పద్ధతి అది.

మా మొహల్లాలో దస్తావేజులు రాసిన ఒక బుజుర్గ్ ఉన్నారు. అందరూ మున్షీ సాబ్ అంటారు. ఎనభై దాటాయి. భూతద్దం పెట్టుకుని రెండు రోజులు చదివారు. మొదట తారీఖు చెప్పారు: 1340 ఫస్లీ, తీర్ నెల. హైదరాబాద్ రియాసత్‌లో ఫస్లీ సాలు అక్టోబర్‌లో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. తీర్ అంటే దాదాపు మే నెల. 1340కి 591 కలిపితే 1931.

తర్వాత హద్దులు. మష్రిక్‌లో ఒక పద్మశాలి మగ్గాల ఇల్లు, మగ్రిబ్‌లో గల్లీ, జునూబ్‌లో ఖాళీ జాగా, షుమాల్‌లో బాట. మష్రిక్ వైపు ఇంట్లో ఇప్పటికీ ఆ కుటుంబమే ఉంది. వాళ్ల పెద్దాయన నన్ను లోపలికి తీసుకెళ్లి, తాత మగ్గం గుంత ఉన్న చోటు చూపించాడు. కాగితం మా ఇంటిదే, షక్ లేదు.

అసలు మాట ఆఖర్న ఉంది. దాదా ఈ ఇంటిని రొక్కం ఇచ్చి కొన్నారు. దాదీకి తాను బాకీ ఉన్న మెహర్, 1,100 రూపాయల సిక్కా ఉస్మానియా, దానికి ఎవజ్‌గా ఇల్లు ఆమె పేర రాసి కబ్జా ఇచ్చారు. ఇనామ్ లేదు, నిజాం లేడు. ఇల్లు దాదీది.

ఇది ఒక్క కిస్సా తప్పని తేలడంతో ఆగలేదు. దాదా పోయిన తర్వాతే దాదీ పోయారు. కాబట్టి ఈ ఇల్లు ఆమె తర్కా. ఆమెకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. సూరా నిసా ప్రకారం కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి. ఆరు హిస్సాల్లో రెండు నా ఫుప్పూలవి. వాళ్ల పెళ్లిళ్లకు ఖర్చు పెట్టాం, చాలు అని మా ఇంట్లో అనేవారు. జహేజ్ వేరు, విరాసత్ వేరు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇల్లు సర్కారు దాదాకిచ్చిన ఇనామ్ అంటూ ఉంటే ఆ లెక్క అడిగేవారు ఉండరు. ఆ కిస్సా ఎవరికి పనికొచ్చిందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. నేనూ దాన్ని నా పిల్లలకు చెప్పాను.

బడీ ఫుప్పూ దగ్గరికి కాగితం తీసుకెళ్లాను. ఛోటీ ఫుప్పూ లేరు, ఆమె హక్కు ఆమె పిల్లలది. బడీ ఫుప్పూ డబ్బు మాట ఎత్తలేదు. "అమ్మీ పేరు ఎక్కడుంది, చూపించు బేటా" అన్నారు. చూపించాను. ఆమెకు చదవడం రాదు. ఆ చోట వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నారు. తర్వాత, "మరి మీ చాచాకు చెప్పావా?" అన్నారు.

చెప్పాను. చాచా ఇంకా జవాబివ్వలేదు. ఇల్లు అమ్మడం ఆగింది. కాగితం నకళ్లు నాలుగు తీయించి నాలుగు ఇళ్లకూ ఇచ్చాను.

మీ ఇళ్లలోనూ ఒక సందూక్ ఉంటుంది. తెరిచి చూడండి. బైనామా, హిబానామా, రెహన్‌నామా ఏది దొరికినా ఫొటో తీసి దాచండి. షికస్తా చదవగలిగే బుజుర్గులు ఉండగానే చదివించుకోండి. ఇల్లు ఎవరు కట్టారన్నది ఒక్కటే అడగకండి. ఎవరి పేర ఉందో, ఎవరి హిస్సా ఇవ్వలేదో కూడా అడగండి.