కీచుమనే బ్రేకు, రాతినార, ముగ్గురాయి

పోయిన వేసవి సెలవుల్లో సింధనూరులో మా మామయ్య మెకానిక్ షెడ్డు ముందు ఒక ఎర్ర కారు ఆగింది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టు ఉంది. హైదరాబాదు నుంచి రాయచూరు మీదుగా హంపికి వెళ్తున్నారట. అది ఆగేటప్పుడు వచ్చిన చప్పుడుకి పక్క టీ కొట్టులో ఉన్నవాళ్ళంతా తల తిప్పారు. పలక మీద గోరుతో గీసినట్టు కీచుమని ఒకటే అరుపు. "ఇంత ఖరీదైన కారుకి కూడా బ్రేకులు అరుస్తాయా!" అని ఒకాయన నవ్వాడు. కారాయన కూడా నవ్వి, "రేసుల్లో వాడే రకం ప్యాడ్లు వేయించానండీ. అరుస్తాయి, కానీ వేడెక్కి పట్టాయంటే మేకు కొట్టినట్టు ఆగుతుంది" అన్నాడు.

ఆ మాట మామయ్యకి భలే నచ్చింది. ఎందుకంటే బండి తెచ్చే ప్రతివాళ్ళూ "అరుస్తోంది, కాబట్టి బ్రేకు పాడైంది" అంటారు. అరుపు లేకపోతే బ్రేకు బాగున్నట్టే అనుకుంటారు. రెండూ తప్పేనని మామయ్య వాదన. మా చరిత్ర సార్ ఏదైనా ఒక వస్తువు చరిత్ర రాయమన్నప్పుడు నేను బ్రేకు గురించి రాస్తానన్నది అందుకే. క్లాసులో నవ్వారు. రాజులు, కోటలు రాయాలి గానీ బ్రేకులేమిటని!

సరే, కోట దగ్గరే మొదలుపెడతాను. రాయచూరు కోట గోడలో 41 అడుగులకు పైగా పొడవున్న ఒకే రాయి ఉంది. దాని మీద కాకతీయుల కాలం నాటి, 1294వ సంవత్సరపు శాసనం ఉంది. దాని దగ్గర గోడ మీద ఇంకో బొమ్మ చెక్కారు. అంత పెద్ద రాయిని బండి మీద వేసి పశువుల బారు లాగుతోంది, చక్రాల వెనక మనుషులు మీటలు పట్టుకుని ఉన్నారు. సార్ మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడు అందరూ పశువుల్ని లెక్కపెట్టారు. నాకు మాత్రం, ఈ బండి పల్లంలోకి జారితే ఎవరు ఆపుతారు అనిపించింది.

పల్లం బాధ అన్ని దేశాల్లోనూ ఉంది. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ భర్త చేసిన మోటారు బండి మీద ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని దాదాపు 100 కిలోమీటర్ల దూరం వెళ్ళింది. దిగుడు దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే, ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించిందని చెబుతారు. ఇప్పుడు మనం లైనర్ అనేది అలా మొదలైంది. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన కూడా గుట్టలు దిగే గుర్రబ్బండ్ల వాళ్ళు బ్రేకు చెక్కకి పాత బూటు ముక్క కొట్టుకోవడం చూశాడు. 1897లో దాన్నే వ్యాపారం చేశాడు. మన రాయచూరు వాళ్ళకి నచ్చే సంగతి ఏమిటంటే, ఆయన మొదట్లో వాడిన వాటిలో పత్తి నేత పట్టీ ఒకటి. దాన్ని తారులాంటి పదార్థంలో నానబెట్టి గట్టి చేసేవాడు. కానీ పత్తి ఎంతైనా పత్తే, వేడెక్కితే మాడిపోయేది.

ఈలోగా 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు డిస్కు బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం, దాన్ని రెండు పక్కల నుంచి పట్టుకునే రాగి ముక్కలు. ఈ రోజు మోటారు సైకిలు ముందు చక్రానికి మనం చూసే పద్ధతి అదే. అయితే లోహం మీద లోహం రాసుకుని భరించలేనంత చప్పుడు వచ్చేది, పైగా మట్టి రోడ్ల దుమ్ముకి రాగి త్వరగా అరిగిపోయేది. ఆ చప్పుడుకి మందు కనిపెట్టింది మళ్ళీ ఫ్రూడే. 1907 ప్రాంతంలో ఆయన రాతినార, అంటే ఆస్బెస్టాస్, వాడవచ్చన్నాడు. అది రాయి, కానీ నారలా పీచు పీచుగా వస్తుంది. మాడదు, చౌక, లోహంలా అరవదు. ఇంకేం కావాలి? కొన్నేళ్ళలో ప్రపంచంలోని బండ్లన్నిటికీ అదే పాకింది.

అసలు అరుపు ఎందుకొస్తుంది? ఫిడేలు కమాను తీగె మీద పట్టి వదిలి, పట్టి వదిలి నడుస్తుంది కదా, ప్యాడు కూడా డిస్కుని అలాగే సెకనుకి వేలసార్లు పట్టి వదులుతుంది. డిస్కు గంటలాగా అదురుతుంది. మనకి వినపడేది ఆ అదురే. రేసు రకం ప్యాడ్లలో లోహం పొడి ఎక్కువ, గట్టిగా ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు మరీ అరుస్తాయి. మామయ్య ప్యాడు మూలల్ని కొంచెం గరుకు కాగితం మీద రాస్తాడు, వెనక పల్చని రేకు పెడతాడు, జారే పిన్నులకి గ్రీజు రాస్తాడు. ఆ గ్రీజు పొరపాటున ప్యాడు ముఖానికి తగిలిందా, "అరుపూ పోతుంది, బండీ ఆగదు" అంటాడు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కీచుమనడం వేరు, గర్రుమని గీకడం వేరు. గర్రుమంటే లైనింగు అయిపోయి ఇనుము ఇనుముకి తగులుతోందని అర్థం. ఆ చప్పుడు వస్తే బండి నడపకూడదు.

డిస్కు బ్రేకు గొప్పతనం లోకానికి తెలిసింది రేసు కార్ల వల్లే. అంతకుముందు కార్లకి డ్రమ్ములే. డ్రమ్ము మూత పెట్టిన గిన్నె లాంటిది, వేడి బయటికి పోదు. నాలుగుసార్లు గట్టిగా తొక్కితే అయిదోసారి పట్టు జారుతుంది. (తిరుమల ఘాటు దిగేటప్పుడు బస్సు డ్రైవరు చిన్న గేరులో ఎందుకు దించుతాడో నాకు ఇది చదివాకే తెలిసింది.) 1953లో ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల రేసులో జాగ్వార్ కంపెనీ తన కార్లకి డన్‌లప్ చేసిన డిస్కు బ్రేకులు వేసింది. మిగతా వాళ్ళు మలుపుకి చాలా ముందే బ్రేకు తొక్కాల్సి వస్తే వీళ్ళు మలుపు దగ్గరదాకా వేగంగా వెళ్ళేవాళ్ళు. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన కారు గంటకి సగటున 170 కిలోమీటర్ల వేగంతో గెలిచింది. వేగంగా వెళ్ళడానికి మంచి బ్రేకు కావాలన్నది వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ నిజం.

ఇక నేను అసలు రాయాలనుకున్న సంగతి.

మా వాళ్ళు తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక పశ్చిమ గోదావరి నుంచి వచ్చి ఇక్కడ క్యాంపులో స్థిరపడ్డారు. షెడ్డు మొదలుపెట్టింది మామయ్య కాదు, తాతయ్య. వడ్ల లారీలు, ట్రాక్టర్లు బాగుచేసేవారు. డ్రమ్ము విప్పగానే లోపల నల్లటి బూడిద పేరుకుని ఉండేది. ముందు నోటితో ఊదేవారు, కంప్రెసరు కొన్నాక ఎయిర్ కొట్టేవారు. పాత లైనర్లు ఊడదీసి కొత్తవి రివిట్ కొట్టి, అంచులు ఆకురాయితో రాసేవారు. ఆ రోజుల్లో లైనర్లంటే చాలావరకు రాతినారే. ఆ పొడిలో కంటికి కనపడని పీచు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత జబ్బుగా బయటపడుతుంది, క్యాన్సరు కూడా రావచ్చు. తాతయ్యకి చాలా ఏళ్ళుగా దగ్గు. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న "ఏం పని చేసేవారు?" అని. దగ్గు ఆ పొడి వల్లేనని ఆయన తేల్చి చెప్పలేదు, తాతయ్యకి బీడీ అలవాటు కూడా ఉంది. కానీ ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు.

నాకు కోపం తెప్పించింది తేదీలు. రాతినార ఫ్యాక్టరీల్లో పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతున్నాయని బ్రిటన్ ప్రభుత్వానికి 1930లో నివేదిక వచ్చింది, 1931లో నిబంధనలు చేశారు. పూర్తిగా నిషేధించింది 1999లో! మన కడప జిల్లా పులివెందుల దగ్గర కూడా రాతినార గనులుండేవి. దేశంలో కొత్త గనులకి అనుమతి 1986లో ఆపేశారు. 1995 జనవరిలో సుప్రీంకోర్టు, పనివాడి ఆరోగ్యం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పి, రాతినార పనివాళ్ళ ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ళు దాచాలంది. అది గనులకి, ఫ్యాక్టరీలకి. తాతయ్య షెడ్డులో రికార్డెక్కడిది? ఆయనకి ఆ తీర్పు గురించి మొదట చెప్పింది నేనే. ఆయన కాసేపు ఊరుకుని, "అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే తడిగుడ్డతో తుడిచేవాణ్ణి కదరా" అన్నారు. మామయ్య ఇప్పుడు నీళ్ళు చల్లి తుడుస్తాడు. షెడ్డులో పనిచేసే పిల్లవాణ్ణి మాత్రం ఎయిర్ కొట్టొద్దని రోజూ తిట్టాల్సి వస్తోంది.

రాతినార పోయాక ఒక్కటే పదార్థం దాని స్థానంలోకి రాలేదు. ఇప్పటి ప్యాడులో గాజు పీచో, ఉక్కు పీచో, ఇతర పీచో ఉంటుంది. గ్రాఫైటు, రబ్బరు పొడి, జిగురు, ఇంకా చాలా కలుపుతారు. వాటిలో ఒకటి బెరైటీసు. చాలా బరువైన ఖనిజం, నీటికి నాలుగున్నర రెట్లు. వేడికి చెక్కుచెదరదు, అదురుని తగ్గించి అరుపుని అణుస్తుంది కాబట్టి వేస్తారు. ప్రపంచంలోనే అతిపెద్ద బెరైటీసు నిక్షేపాల్లో ఒకటి ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. అక్కడివాళ్ళు దాన్ని ముగ్గురాయి అంటారు. ఎక్కువ భాగం చమురు బావులు తవ్వడానికి పోతుంది, కొంత బ్రేకుల్లోకి వస్తుంది.

ఇక ముందు అసలు బ్రేకు అరవకపోవచ్చు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు జరిగింది. ఆ కార్లని తయారుచేసినప్పుడు వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులే పెట్టలేదు. మోటారే ఎదురు తిరిగి బండిని ఆపుతుంది, ఆపేటప్పుడు పుట్టిన కరెంటు మళ్ళీ బ్యాటరీలోకి వెళ్తుంది. మామయ్యకి ఇది నచ్చలేదు. "అప్పుడు మా పనేంటి?" అన్నాడు.

1871లో బొంబాయి లైను, మద్రాసు లైను కలిసింది మన రాయచూరులోనే. దసరా సెలవుల్లో ఆ లైను మీదే అమ్మమ్మతో తిరుపతి వెళ్ళాను. గుంతకల్లు, కడప దాటి ఓబులవారిపల్లె వచ్చేసరికి తెల్లారింది. కిటికీలోంచి చూపించి, ఇక్కడి ముగ్గురాయే మామయ్య మార్చే ప్యాడ్లలో వేస్తారని చెప్పాను. అమ్మమ్మ నా మొహం కేసి చూసి, "చాల్లే, ముగ్గేస్తే బండి ఆగుతుందా?" అని టిఫిన్ డబ్బా తీసింది.