గాయపడిన నాడా, తెలిసిన నాడా?

ప్రామిసరీ నోటు ముఖమెరుగని సంసారి తెలుగునాట అరుదు. వ్రాసిన నాటినుండి మూడు సంవత్సరములు నిండినచో నోటునకు కాలదోషము పట్టుననియు, అంతకు మునుపే వడ్డీలోకి ఏ పది రూపాయలో జమకట్టించి, నోటు వెనుక చెల్లు వ్రాయించి సంతకము చేయించుకొన్నచో దానికి మరల మూడేండ్ల ఆయువు పోసినట్లగుననియు చదువురాని రైతునకు కూడ తెలియును. అప్పిచ్చినవాడు పంచాంగము చూడకపోయినను నోటు మీది తేదీని మాత్రము మరువడు.

ధనము విషయమున మనకింత జాగరూకత కలదు. మరి దేహము మాట ఏమి? వైద్యుని చేతి పొరపాటు వలన శరీరమునకు కీడు వాటిల్లినపుడు న్యాయస్థానమునకు పోవుటకు గడువెంత? ఆ గడువు ఏ దినమునుండి లెక్కకు వచ్చును? మొదటి ప్రశ్నకు చట్టములో అంకె దొరకును. రెండవ ప్రశ్నకు సమాధానము వెదకుటలో న్యాయస్థానములకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ వెదకులాట కథనే శ్రోతలకు చెప్పదలచితిమి.

దావాలకు గడువు పెట్టుట ఇంగ్లండునకు పాత అలవాటు. మొదటి జేమ్సు రాజు పాలన చివరి దినములలో, 1623వ సంవత్సరపు శాసనము ఒక్కొక్క తగవునకు ఒక్కొక్క గడువు నిర్ణయించెను. కొట్టినందుకు, గాయపరచినందుకు నాలుగేండ్లు. అజాగ్రత్త వలన కలిగిన నష్టము మొదలైన వాటికి ఆరేండ్లు. నోటిమాటతో పరువు తీసినందుకు రెండేండ్లు. మాటవలని గాయము త్వరగా మానునని ఆ పెద్దల అభిప్రాయము కాబోలు! బాలురకు, మతి చలించినవారికి, చెరసాలలో నున్నవారికి, సముద్రము దాటి పోయినవారికి ఆ శాసనము కొంత దయ చూపినది. ఆ ఆటంకము తొలగిన పిదపనే వారి గడువు మొదలగును. ఇన్ని అవస్థలను తలచినవారు ఒక్క అవస్థను తలపలేదు. తనకు కీడు జరిగినదని తెలియనే తెలియనివాడు ఆ పట్టికలో లేడు.

గడువు పెట్టుటయే అన్యాయమని మేమనము. సాక్షులు గతింతురు. జ్ఞాపకములు చెదరును. కాగితములను చెదలు తినును. ముప్పది సంవత్సరములు వృత్తి చేసిన సర్జను వేలకొలది దేహములను కోసి కుట్టియుండును. ఎన్నడో ఒకనాటి ఉదయమున ఎవరికి ఏమి చేసెనో చెప్పుమని వార్ధక్యమున బోనులో నిలబెట్టినచో అతడు మాత్రమేమి చెప్పగలడు? తప్పు చేయనివానికి సైతము ఒకనాటికి నిశ్చింత కావలెను. తగవంతయు ఆ నిశ్చింత ఏ నాటినుండి లెక్కింపవలెననుటలోనే యున్నది.

మన దేశమునకు ఈ చట్టము దొరతనముతో పాటు వచ్చినది. చెన్నపట్టణపు ప్రభుత్వము 1802లో చేసిన రెండవ రెగ్యులేషను దావాలకు పండ్రెండేండ్ల గడువు పెట్టెను. దేశమంతటికి కలిపి 1859లో ఒక చట్టము, దానిని సవరించుచు 1871లో, 1877లో, 1908లో మరి మూడు వచ్చినవి. ఈ 1908 చట్టము చివరనున్న పట్టిక చదువదగినది. ప్రామిసరీ నోటునకు మూడు సంవత్సరములు. మనుష్యుని దేహమునకు కలిగించిన గాయమునకు ఒక్క సంవత్సరము, అదియు గాయపరచిన నాటినుండి! నూరు రూపాయల అప్పునకు ఉన్న ఆయుర్దాయములో మూడవ వంతు మాత్రమే విరిగిన చేతికి దక్కినది. దీనికి కారణము చట్టము చెప్పలేదు. మాకును తోచలేదు.

అయినను ఆ చట్టములోనే, 24వ సెక్షను క్రింద, ఒక చిన్న ఉదాహరణ కలదు. ఒకనికి పొలము పైభాగము సొంతము. వేరొకనికి దాని అడుగు సొంతము. రెండవవాడు అడుగున బొగ్గు త్రవ్వుకొనెను. పైకి అప్పుడేమియు కనబడలేదు. కొన్నాళ్లకు నేల క్రుంగినది. గడువు త్రవ్విన నాటినుండి కాక, క్రుంగిన నాటినుండి లెక్కింపవలెనని ఆ ఉదాహరణ. ఇది ఊహించి వ్రాసినది కాదు. ఇంగ్లండులోని బొగ్గుగనుల ప్రాంతపు తగవు నొకదానిని 1861లో ప్రభువుల సభ ఇట్లే తీర్చియుండెను. నేల క్రింద జరుగుచున్నది నేలమీది వానికి కనబడదన్న ఎరుక చట్టమునకు కలుగుట అప్పటినుండియే. అయితే అప్పటికి కూడ నేల క్రుంగుటయే ముఖ్యము. యజమానికి తెలియుట కాదు.

ఆ రెండవ అడుగు అమెరికాలో పడినది. అదియు బొగ్గు మూలముననే. పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక కంపెనీ తన గనిని త్రవ్వుచు త్రవ్వుచు హద్దు దాటి పొరుగువాని భూమి అడుగునకు పోయి అతని బొగ్గు తీసికొనిపోయెను. ఏండ్లు గడచిన పిదప గాని అతనికి సంగతి తెలియలేదు. గడువు మీరినదని కంపెనీ వాదించెను. భూగర్భములోనికి ఎవని కన్ను పోగలదని ప్రశ్నించుకొని, యజమానికి తెలిసిన నాటినుండి, లేదా తెలిసికొనుటకు వీలైన నాటినుండి మాత్రమే గడువు నడచునని 1895లో అక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పెను.

భూగర్భమునకు చెల్లిన న్యాయము మనుష్యుని గర్భమునకు చెల్లుటకు మరి అరువదినాలుగు సంవత్సరములు పట్టినది. అదే రాష్ట్రమున 1948లో ఒకనికి ఉదరములో పుండునకు శస్త్రచికిత్స జరిగెను. 1957లో గాని అతని కడుపులో ఒక స్పాంజి మిగిలిపోయినదని బయటపడలేదు. శస్త్రశాలలో స్పాంజి యనునది రక్తము అద్దుటకు వాడు గాజుగుడ్డ మడతయే. అది రక్తములో తడిసినచో చుట్టునున్న మాంసమునుండి వేరుగా కనబడదు. అందుచేతనే కోతకు ముందొకసారి, కుట్టుటకు ముందొకసారి నర్సులు వానిని లెక్కపెట్టుదురు. నూలు దేహములో కరుగదు. కొన్నిచోట్ల అది చీము పట్టి త్వరలోనే తన ఉనికిని చాటును. కొన్నిచోట్ల దేహమే దాని చుట్టును ఒక పొర అల్లి, గోడ కట్టి, ఏండ్ల తరబడి మోయును. అట్టి రోగికి తెలిసినదెల్ల అప్పుడప్పుడు వచ్చు నొప్పి మాత్రమే.

ఆ రాష్ట్రపు చట్టము ప్రకారము గడువు కీడు జరిగిన నాటినుండి రెండేండ్లు. లెక్కకు అది 1950లోనే ముగిసినది. అనగా ఆ రోగి హక్కు పుట్టుటయు చచ్చుటయు కూడ అతనికి తెలియకుండనే జరిగిపోయినవి. క్రింది కోర్టు దావాను కొట్టివేసెను. 1959లో పెన్సిల్వేనియా సుప్రీం కోర్టు ఆ తీర్పును రద్దుచేసి, బొగ్గు తగవులో నడచిన త్రోవనే నడచెను. తన కడుపులోనిది తాను చూడలేనివానికి తెలిసిన నాటినుండియే గడువు. పదేండ్లలో మరికొన్ని రాష్ట్రములు ఈ మార్గము పట్టినవి. న్యూయార్కు 1969లో పట్టినది. అచ్చటి రోగి కడుపులో ఎనిమిదేండ్లుండినవి శస్త్రచికిత్సలో వాడు లోహపు బిగింపులు.

ఇంగ్లండు న్యాయమూర్తులు అంత సాహసింపలేదు. షెఫీల్డు నగరపు ఉక్కు కార్ఖానాలో పనివారు ఇసుక ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తుల రోగము తెచ్చుకొనిరి. వైద్యుడు కనిపెట్టక మునుపే వారి గడువు దాటిపోయినది. 1963లో ప్రభువుల సభ, ఇది న్యాయముగా లేదని ఒప్పుకొనుచునే, చట్టము మాట అదియే కనుక దావా చెల్లదని చెప్పెను. పార్లమెంటు ఆ సంవత్సరముననే చట్టము సవరించినది. 1975లో, 1980లో దానిని సరిదిద్ది, సంగతి తెలిసిన నాటినుండి మూడేండ్లని స్థిరపరచినది. ధూళి పీల్చిన పనివారి కొరకు తెరచిన ఆ తలుపుననే తరువాత వైద్యుని వలన చెడినవారు కూడ లోనికి పోయిరి.

ఇంతలో అమెరికాలో గాలి మారినది. వైద్యుల మీద దావాలు పెరిగి, బీమా కంపెనీలు రుసుములు హెచ్చించి, కొందరు వైద్యులు వృత్తియే మానుకొందుమనిరి. 1975లో కాలిఫోర్నియా, న్యూయార్కు మొదలైన రాష్ట్రములు గడువులను మరల బిగించినవి. దేహములో వస్తువు మిగిలినవారికి మాత్రము మినహాయింపు దక్కినది. వస్తువు చేతికి చిక్కును. వేరు సాక్ష్యము అక్కరలేదు. కాని వైద్యుడు చూచి చెప్పని రోగము? న్యూయార్కు నగరములో 2010లో ఒక స్త్రీ ఛాతీ ఎక్స్‌రేలో అనుమానపు మచ్చ కనబడినది. ఆమెకెవరును చెప్పలేదు. 2012లో అది కేన్సరని తెలియునప్పటికి నగర ఆసుపత్రుల మీద దావాకున్న పదునైదు నెలల గడువు ఎప్పుడో ముగిసినది. వికలాంగురాలైన కూతురిని విడిచి ఆమె 2013లో మరణించినది. కేన్సరును కనిపెట్టని సందర్భములలో తెలిసిన నాటినుండి గడువు లెక్కింపవలెనని, అయితే ఏడేండ్లు మించరాదని, న్యూయార్కు 2018లో చట్టము చేసినది. ఆ చట్టమును జనులు ఆమె పేరనే పిలుతురు.

ఇక మన సంగతి. 1956లో లా కమిషను పాత చట్టమును పరిశీలించినది. 1963లో కొత్తది వచ్చినది. అందు వైద్యుల పేర ప్రత్యేకముగా ఒక పద్దు లేదు. ఏ పద్దులోను చేరనివాటికి హక్కు పుట్టిన నాటినుండి మూడేండ్లు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. ఫిర్యాదునకు రెండేండ్ల గడువు 1993 సవరణతో చేరినది. రుసుము పుచ్చుకొని చేయు వైద్యము ఆ చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీం కోర్టు తేల్చినది.

ఆ 1993వ సంవత్సరముననే గోవాకు చెందిన ఒక నర్సు పిత్తాశయమునకు శస్త్రచికిత్స చేయించుకొనెను. తరువాత తొమ్మిదేండ్లు ఆమె కడుపునొప్పితో బాధపడుచు, నొప్పి తగ్గు మందులు మ్రింగుచు ఉద్యోగము సాగించెను. 2002లో తీసిన స్కానులో ఏదో కనబడినది. ముంబాయిలో మరల కడుపు కోసి చూడగా గాజుగుడ్డ వెలువడినది. 2004లో, రెండేండ్లు నిండుటకు కొద్దిదినముల ముందు, ఆమె ఫిర్యాదు చేసెను. తగవు సుప్రీం కోర్టునకు పోయి 2010లో తేలినది. కోర్టు పెన్సిల్వేనియా స్పాంజి తీర్పును ఉదాహరించి, సూత్రమును అంగీకరించినది. కీడు పైకి కనబడునదైనచో జరిగిన నాటినుండి, కనబడనిదైనచో రోగికి తెలిసిన నాటినుండి లేదా తగిన శ్రద్ధతో తెలిసికొనదగిన నాటినుండి గడువు. అంతవరకు ఆమె పక్షమే. కాని తొమ్మిదేండ్లు నొప్పి వచ్చుచుండగా, వైద్యశాలలో అనుభవము గల నర్సు అయియుండి, కోసిన సర్జను నొకమాటైనను ఎందుకడుగలేదు? అడిగియుండినచో ఎప్పుడో తెలిసియుండెడిది కదా? ఈ కారణముతో ఫిర్యాదు చెల్లదని తీర్పు చెప్పినది.

సూత్రముతో మాకు పేచీ లేదు. దానిని అన్వయించిన తీరే మనస్సునకు ఎక్కలేదు. ఇంటింట స్త్రీలు నొప్పిని ఎట్లు భరింతురో శ్రోతలు ఎరుగుదురు. కోత జరిగిన కడుపు అప్పుడప్పుడు నొచ్చుట సహజమని ఇరుగుపొరుగు చెప్పుదురు. ఇంటివారును అదే చెప్పుదురు. నర్సుకు తెలిసియుండవలెననుట నిజమే కావచ్చును. ఇతరుల నొప్పిని కనిపెట్టుట ఆమె వృత్తి. తన నొప్పిని పట్టించుకొనకుండుట ఆ వృత్తి నేర్పిన అలవాటు. సర్జను పక్షము మాట్లాడువారు సైతము ఒక మాట అనవచ్చును. ఆ మొదటి నెలలలోనే ఆమె వచ్చి అడిగియుండినచో అతడే తన పొరపాటు దిద్దుకొనుటకు అవకాశముండెడిది. ఆ మాటలోను బలము లేకపోలేదు.

కాగితముల సంగతి ఒకటి మిగిలినది. వైద్యవృత్తికి 2002లో ఏర్పరచిన నియమముల ప్రకారము, ఆసుపత్రిలో చేరిన రోగి వివరములను చికిత్స మొదలైన నాటినుండి మూడు సంవత్సరములు భద్రపరచవలెను. రోగి కోరినచో డెబ్బదిరెండు గంటలలో ఈయవలెను. మూడేండ్లు దాటిన పిదప ఆ కాగితమును ఉంచుమని ఆ నియమము చెప్పదు. తొమ్మిదేండ్లకు సంగతి తెలిసినవాడు కోర్టు తలుపు తెరచియున్నను ఏమి చేతబట్టుకొని లోనికి పోవలెను? నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనునంత శ్రద్ధతో డిశ్చార్జి చీటీని పెట్టెలో దాచుకొను ఇల్లు మనలో ఎన్ని?

వినియోగదారుల చట్టమును 2019లో తిరుగవ్రాసిరి. అది 2020 జూలై 20వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. గడువు అదే రెండేండ్లు. తగిన కారణము చూపినచో ఆలస్యము మన్నించు అధికారమును అట్లే ఉంచిరి. ఆ రెండేండ్లు ఫిర్యాదునకు కారణము పుట్టిన నాటినుండి లెక్కింపవలెనని వ్రాసిరి. కనబడని గాయము విషయమున ఆ కారణము ఏ నాడు పుట్టునో మాత్రము ఈసారి కూడ వ్రాయలేదు.