జెండా మోసిన చేతులు: మన్యంలో స్వచ్ఛంద కార్యకర్తల చరిత్ర

రాజకీయం అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది ఎన్నికల నెల. జీపులు, మైకులు, కండువాలు, చీకటి పడితే సీసాలు. ఆ నెల దాటితే గూడెం వైపు చూసేవారు తక్కువ. అయితే మన కొండల్లో ఒకప్పుడు పార్టీ పని అంటే అర్థం వేరు. జీతం తీసుకోకుండా, పదవి అడగకుండా, ఏడాది పొడవునా ఊరి కష్టం వెంట నడిచినవారు మనకు ఉన్నారు. వారి గురించి పాఠ్యపుస్తకాల్లో దొరికేది ఒకటి రెండు పేరాలే. ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ కథ కొంచెం వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

అండమాన్ నుంచి పార్లమెంటుకు

1922 మన్యం తిరుగుబాటు అంటే మనకు పోలీస్ స్టేషన్ల మీద దాడులే గుర్తుకొస్తాయి. దానికి ముందు జరిగిన పని సంగతి ఎక్కువమందికి తెలియదు. అల్లూరి సీతారామరాజు గూడేల్లో తిరుగుతూ, తాగుడు మానమని, తగాదాలు కోర్టులకు తీసుకుపోకుండా ఊరి పంచాయతీలోనే తీర్చుకోమని చెప్పేవారు. అది సహాయ నిరాకరణ రోజుల నాటి కార్యకర్త పని. అడవిలో పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకపోవడం, వెట్టి చాకిరీ వంటి కష్టాలన్నీ అప్పటికే జనాన్ని రగిలిస్తున్నాయి. ఆ కష్టాల్లోంచే గాం గంటందొర, ఆయన తమ్ముడు గాం మల్లుదొర ముందుకు వచ్చారు.

గంటందొర 1924లో ప్రాణాలు కోల్పోయారు. మల్లుదొర పట్టుబడ్డారు. ఆయనకు వేసిన ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో అదే మల్లుదొర విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పుడు విశాఖ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఆయనతో పాటు గెలిచిన రెండో సభ్యుడు లంకా సుందరం. ఇద్దరూ స్వతంత్రులే. కొండ మీద కష్టపడి, జైలుకు వెళ్లి వచ్చిన మనిషిని జనం మరిచిపోలేదని ఆ ఎన్నిక చెబుతుంది.

సంత నుంచి మొదలైన సంఘం

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పార్వతీపురం ఏజెన్సీలో సవర, జాతాపు కుటుంబాల బతుకు పెద్దగా మారలేదు. చింతపండు, కరక్కాయ, అడ్డాకు సంతకు తెస్తే షావుకారు కొలిచిందే కొలత, చెప్పిందే ధర. అవసరానికి తెచ్చుకున్న గింజలకు వడ్డీ పెరిగి, చివరికి భూమి చేతులు మారేది. భూమి పోయినవాడు అదే భూమిలో కంబారిగా చేరేవాడు. గిరిజనుల భూమి పరులకు పోకూడదని 1917లోనే చట్టం వచ్చింది, 1959లో మరో నిబంధన వచ్చింది. చట్టం కాగితం మీద ఉంది, దాన్ని చదివి చెప్పేవాడు గూడెంలో లేడు.

ఆ లోటును తీర్చినవారు కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తలు. వారిలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం బడిపంతుళ్లు. సత్యం మాస్టారు కొండ మీదనే కాపురం పెట్టి, గిరిజన కుటుంబంతో వియ్యమందారు. ఊరూరా తిరిగి గిరిజన సంఘం కట్టారు. సంఘం పెట్టిన డిమాండ్లు చాలా మామూలువి. వెట్టి ఆగాలి, కంబారి జీతం పెరగాలి, అటవీ సరుకుకు న్యాయమైన ధర రావాలి, పోయిన భూములు తిరిగి రావాలి, పోడు చేసుకునేవారిని అడవి ఉద్యోగులు వేధించకూడదు. ఒక్కో ఊరిలో ఒక్కో చిన్న గెలుపు. కూలి పెరిగిన చోట పక్క ఊరు కూడా సంఘంలో చేరేది.

ఆ పని చేసినవారికి జీతాలు లేవు. పగలు పొలం, రాత్రి సమావేశం. కబురు అందించడానికి ఒక కొండ దిగి మరో కొండ ఎక్కేవారు. సభకు ఎవరి గంజి వారే తెచ్చుకునేవారు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్ మహాసభకు వెళ్తున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ కేసులో నిందితులు తర్వాత నిర్దోషులుగా విడుదలయ్యారు. ఆ తర్వాత ఉద్యమం సాయుధ బాట పట్టింది. అణచివేత కూడా అంతే తీవ్రంగా వచ్చింది. 1970 జులైలో సత్యం, కైలాసం మరణించారు. ఎన్నో కుటుంబాలు కేసుల్లో, జైళ్లలో నలిగిపోయాయి. ఆ బాట సరైనదా కాదా అనే వాదన నేటికీ ఉంది, మీరూ చదివి ఆలోచించండి. కానీ భూముల ప్రశ్నను ఇక పక్కన పెట్టడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ వేడి రోజుల్లోనే 1970లో ఒకటో నంబరు నిబంధన వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందుగా భావించాలి, కాదని నిరూపించుకునే బాధ్యత అతనిదే అని అది చెప్పింది. మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది దాన్నే.

రాయని పేర్లు

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ చరిత్రలో మాస్టార్ల పేర్లు నిలిచాయి. వారు అందుకు అర్హులే. కోరన్న, మంగన్న పేర్లు వారి మరణం వల్ల మిగిలాయి. మరి కబుర్లు మోసినవారు, సభకు బియ్యం పోగుచేసిన అమ్మలు, అర్జీ మీద మొదటి వేలిముద్ర వేసినవారు ఎక్కడ? రాయడం వచ్చినవారు బయటివారు కాబట్టి, రాత బయటి నుంచే సాగింది. ఈ రోజు రాయడం వచ్చినవారు మీరు. మీ ఊరి తాతలు, అవ్వలు ఉండగానే అడిగి రాసుకోండి.

ఇప్పటి కార్యకర్త పని

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అయినా వెనుక పార్టీలు ఉంటాయని అందరికీ తెలుసు. మా హాస్టల్‌లో చదివి వెళ్లిన పిల్లలు కొందరు కండువాలు వేసుకుని కనిపిస్తారు. నాకు సంతోషమే. పార్టీలో చేరడం తప్పు కాదు. వారిని నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఎన్నిక అయిపోయాక నీ పని ఏమిటి?

పని చాలా ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి ప్రణాళికను గ్రామసభ ఆమోదించాలి, పథకాల లబ్ధిదారులను గ్రామసభ ఎంపిక చేయాలి, ఖర్చు పెట్టిన సొమ్ముకు ధ్రువీకరణ గ్రామసభ ఇవ్వాలి. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రం కోరే దరఖాస్తు మొదట చేరేది గ్రామసభకే. సభ తేదీ గూడెం గూడేనికి చెప్పేవారు, తీర్మానం చదివి వినిపించేవారు, సంతకం పెట్టే ముందు ఆగి అడిగేవారు లేకపోతే ఈ హక్కులన్నీ 1917 చట్టంలాగే కాగితం మీద మిగిలిపోతాయి.

పద్దెనిమిదేళ్లకు ఓటు, ఇరవై ఒకటికి సర్పంచ్‌గా పోటీ చేసే అర్హత వస్తాయి. మన షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవి గిరిజనులదే. కుర్చీ మనది కాబట్టి దాని వెనుక కూర్చుని నడిపించేవారు ఎవరో కూడా గమనించాలి. ఏ జెండా అయినా పట్టుకోండి. ఆ పార్టీ మీటింగులో మీ గూడెం దారి, మీ బడి, మీ పట్టా గురించి లేచి మాట్లాడండి. వచ్చే గ్రామసభకు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను తీసుకుని వెళ్లండి. మీతో పాటు చదువు రాని ఇద్దరు పెద్దలను కూడా తీసుకుని వెళ్లండి.